మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆల్ప్స్ పర్వతాలు

గుంటూరులో మంచు పడదు. ఈ సంగతి పాలు తాగే పసివాడిక్కూడా తెలుసు. అయినా గుంటూరులో రాష్ట్ర హిమక్రీడల ప్రోత్సాహక సంస్థ అని ఒక ప్రభుత్వ కార్యాలయం ఉంది. ఎందుకుందని అడక్కండి. ఎప్పుడో ఒక పెద్దాయన ఏదో సభలో "మన పిల్లలు ఏ ఆటలోనూ వెనకబడకూడదు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు వెంటనే ప్రపంచంలో ఉన్న ఆటల జాబితా తెప్పించారు. జాబితాలో ఉన్న ప్రతి ఆటకీ ఒక సంస్థ, ప్రతి జిల్లాకీ ఒక ఆట పంచిపెట్టారు. పంపకంలో గుంటూరు వంతు వచ్చేసరికి మంచు మీద జారే ఆట ఒక్కటే మిగిలింది. అదీ సంగతి.

ఆ సంస్థకి మేనేజింగ్ డైరెక్టరు త్రివిక్రమరావుగారు. అకౌంట్స్ ఆఫీసరు ఉగ్రనరసింహంగారు. మంచు సాంకేతిక సలహాదారు పేర్రాజుగారు. ఈయన ఎండీగారి తోడల్లుడు, పూర్వం ఐస్‌క్రీం ఫ్యాక్టరీ నడిపి మూసేసిన అనుభవం ఉంది. వీళ్ళు కాక ఒక జీపు, దానికి మస్తాన్‌వలి అనే డ్రైవరు. ఇంతమంది కలిసి చేసే పని ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. ఏమీ లేని పనికి ఎంత కాగితం ఖర్చవుతుందో ఆఫీసుల్లో చేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ కాగితమంతా సూపరింటెండెంటు కృపామణి నెత్తిన పడేది.

కృపామణికి మే నెలాఖరుకి రిటైర్‌మెంటు. మనిషి నెమ్మది. ఎవరేం చెప్పినా "అలాగే సార్" అనేది, లోపల మాత్రం అన్నీ లెక్క వేసుకునేది. ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఒకటే కోరిక, మంచు పడుతుంటే చూడాలి. కొత్తపేట చర్చిలో ఏటా క్రిస్మస్‌కి పశువుల పాక కట్టి, దాని మీద దూది చల్లే పని ఆవిడదే. పాకలో పెట్టిన లైట్ల వేడికి చమటపట్టి, వేళ్ళకంటుకుపోయే దూదిని పీకి చల్లుతూ "ఇదే మంచు" అని పిల్లలకి చెప్పీ చెప్పీ విసుగెత్తింది. "మంచు ఎలా ఉంటుందాంటీ?" అని ఎవరైనా అడిగితే ఆవిడకి సిగ్గేసేది. పైగా పనిచేసేది హిమక్రీడల సంస్థలో!

ఆ ఏడు సచివాలయం నుంచి ఒక లేఖ వచ్చింది. సంస్థ పెట్టి ఇన్నేళ్ళయింది గదా, ఇంతవరకూ ఎంతమంది మంచు మీద జారారు అని. ఎండీగారు అత్యవసర సమావేశం పెట్టారు.

"ప్రపంచస్థాయి హిమక్రీడా సౌకర్యాలను క్షేత్రస్థాయిలో సమగ్రంగా అధ్యయనం గావించి, స్థానిక పరిస్థితులకు అన్వయించగల అవకాశాలను అన్వేషించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది" అన్నారాయన. అంటే యూరప్ చూడాలని ఉంది అని.

"ఎన్ని దేశాలు సార్?" అడిగింది కృపామణి.

"కొబ్బరి సంస్థ వాళ్ళు మూడు చూశారు. మనం నాలుగుకి తగ్గితే సంస్థ ప్రతిష్ఠకు భంగం."

"ఎన్ని రోజులు సార్?"

"వారం. ప్రజాధనం కదా, పొదుపుగా చూడాలి."

వారంలో నాలుగు దేశాల మంచుకొండలు! పైగా మంచు పడేది చలికాలంలో, బడ్జెట్ విడుదలయ్యేది ఎండాకాలంలో. మంజూరు వచ్చేసరికి అక్కడి కొండల మీద గడ్డి మొలుస్తుంది. కృపామణి తల పట్టుకుంది గానీ వదల్లేదు. ఎందుకంటే ప్రతినిధి బృందంలో ఒక మహిళ ఉండి తీరాలని ఫైల్లో ఉంది. ఆఫీసులో ఉన్న ఒకే మహిళ తనే. ఫైలు మొయ్యడానికి కూడా ఒకళ్ళు కావాలిగా, అందుకని ఎవరూ అడ్డు చెప్పలేదు.

నెల రోజులు ఆవిడ తిండీ నిద్రా మర్చిపోయి ఆ ప్రయాణం అల్లింది. ఎండాకాలంలో కూడా మంచు కరగని చోట్లు వెతికి పట్టుకుంది. జెనీవాలో దిగి బస్సులో ఫ్రాన్సులోని షామొనీ. అక్కణ్ణుంచి కొండరైల్లో స్విట్జర్లాండులోని జెర్మాట్. ఆ ఊళ్ళోకి పెట్రోలు బండ్లు రానివ్వరు, చిన్న చిన్న బ్యాటరీ బండ్లు తిరుగుతాయి. జెర్మాట్ కొండకి అవతలి వైపు ఇటలీ, అక్కడ చెర్వీనియా. తీగ మీద వేలాడే పెట్టెలో కూర్చుంటే కొండ దాటించి అటు దింపుతారు. చివరికి ఆస్ట్రియాలో హింటర్‌టుక్స్. ఏడాది పొడుగునా మంచుండే కొండ అది. ఆ పేర్లు పలకడం రాక నోరు తిరిగేది కాదు. వంట చేస్తూ, బట్టలారేస్తూ "హింటర్‌టుక్స్, హింటర్‌టుక్స్" అని పలికీ పలికీ సాధించింది. వీసాలు కూడా వచ్చేశాయి. తన పాస్‌పోర్టులో అతికించిన ఆ వీసా కాగితాన్ని చూసుకుని మురిసిపోయింది పిచ్చితల్లి.

సరిగ్గా అప్పుడు ఉగ్రనరసింహంగారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయన కళ్ళజోడు సవరించుకుంటే ఎవరికో మూడిందన్నమాట.

"విదేశీ యాత్రల నిబంధనలు చూశారా? ప్రతి విదేశీ అధ్యయన యాత్రకు ముందు, ఆ యాత్రను స్వదేశంలో యథాతథంగా ఒకసారి నిర్వహించి, విజయవంతమైనట్టు ధ్రువీకరణ పొందాలి."

ఆ నిబంధన ఎలా వచ్చిందంటే, అంతకుముందు ఏదో శాఖ వాళ్ళు విదేశానికని బయల్దేరి, విమానాశ్రయంలో పొరపాటు వరసలో నిలబడి గోవాలో దిగారట. వారం రోజులు అదే విదేశమనుకుని అధ్యయనం చేసి రిపోర్టు కూడా ఇచ్చారట. ఆ రిపోర్టు బాగుందని మెచ్చుకున్నాక గాని సంగతి బయటపడలేదు. అప్పట్నుంచి రిహార్సల్ తప్పనిసరి.

"యథాతథంగా అంటే?" అన్నారు ఎండీగారు.

"ఎలా ఉందో అలా సార్. మంచుంటే మంచు, చలుంటే చలి."

"మే నెల గుంటూరులో చలి ఎక్కడ తెస్తామయ్యా?"

సాంకేతిక సలహాదారు పేర్రాజుగారు ఉద్యోగంలో చేరాక మొదటిసారి నోరు తెరిచారు. "మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయిగా బావగారూ" అన్నారు.

ఎంత మాటన్నాడు! గుంటూరు చుట్టూ కావాల్సినన్ని కోల్డ్ స్టోరేజీలు. బయట రోళ్ళు పగిలే ఎండ కాస్తున్నా లోపల వణుకు పుడుతుంది. ఎండీగారు అక్కడికక్కడే తోడల్లుడికి ప్రశంసాపత్రం రాయించారు. నాలుగు కోల్డ్ స్టోరేజీలు మాట్లాడారు. ఒక్కోదాని గేటుకి షామొనీ, జెర్మాట్, చెర్వీనియా, హింటర్‌టుక్స్ అని బోర్డులు కట్టారు. కోతలయిపోయిన రోజులాయె, లోపల కప్పు దాకా మిరపకాయల టిక్కీలు, అంటే గోతాం బస్తాలు, పేర్చి ఉన్నాయి. అవి తియ్యడం కుదరదన్నారు ఓనర్లు. "ఫర్వాలేదు, కొండలనుకుందాం" అన్నారు ఎండీగారు. టిక్కీలు కిందికి జార్చే వాలు బల్ల ప్రతి గోడౌన్లోనూ ఉంటుంది. అదే జారుడు వాలు. జిన్నింగు మిల్లు నుంచి దూది తెప్పించి దాని మీద పరిచారు. ఇక్కడ కూడా మళ్ళీ దూదే ఎదురయ్యేసరికి కృపామణికి ఒళ్ళు మండిపోయింది. ఎలాగో ఓర్చుకుంది.

రిహార్సల్ మొదటి రోజు పొద్దున్నే ఆఫీసు ఆవరణలో జీపు నిలబెట్టారు. అదే విమానం. మస్తాన్‌వలి పైలట్. విమానం ఎన్ని గంటలు ఎగురుతుందో అన్ని గంటలూ అందులో కూర్చోవాలని ఉగ్రనరసింహంగారి పట్టు. కృపామణి ఉన్ని కోటు, ఉన్ని టోపీ, చేతికి తొడుగులు వేసుకొచ్చి ఎక్కి కూర్చుంది. మిగతా ముగ్గురూ రాలేదు. ఎండీగారి దగ్గర్నుంచి చీటీ వచ్చింది. 'అనివార్య పరిపాలనా కారణముల దృష్ట్యా రిహార్సల్ నందు నా తరఫున కృపామణిగారు పాల్గొనగలరు.' పేర్రాజుగారికి చల్లదనం పడదట. ఆయన తరఫున కూడా కృపామణే. ఉగ్రనరసింహంగారు వచ్చారు గానీ పర్యవేక్షకుడిగా. "పర్యవేక్షించేవాడే పాల్గొంటే నిష్పాక్షికత ఉండదు కదా? నా తరఫున కూడా మీరే" అని ఏసీ కారులో వెనకాల వచ్చారు.

"మేడం, చెమటకి తడిసి ముద్దైపోయారు. ఆ టోపీ అన్నా తీసెయ్యండి" అన్నాడు మస్తాన్‌వలి.

"వద్దులే మస్తానూ. మళ్ళీ మొదట్నుంచి ఎగరమంటారు" అంది ఆవిడ.

షామొనీలో దిగారు. కృపామణి మెళ్ళో ముందు 'మేనేజింగ్ డైరెక్టరు' అని బిళ్ళ వేశారు. కాళ్ళకి కలప అడితిలో కోయించిన రెండు పొడవాటి చెక్కలు కట్టారు. వాలు బల్ల పైకెక్కించి వదిలారు. ఆవిడ కెవ్వుమని జారి కిందికొచ్చి టిక్కీలకి గుద్దుకుంది. గుప్పున కారం లేచింది. అందరూ ఒకటే తుమ్ములు.

"ఎండీగారి హోదాకి అంత వేగం తగదు. మళ్ళీ జారండి, హుందాగా" అన్నారు ఉగ్రనరసింహంగారు, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని.

ఎండీగారిలా హుందాగా జారింది. బిళ్ళ మార్చి పేర్రాజుగారిలా జారింది. ఉగ్రనరసింహంగారిలా జారింది. ఆఖర్న తనలా జారేసరికి కళ్ళమ్మట ముక్కమ్మట ధారలు. గొంతు మంట, ఊపిరాడని దగ్గు. ఉగ్రనరసింహంగారు సంతృప్తిగా తలూపి, "ఎత్తైన పర్వతాలపై శ్వాస సంబంధ ఇబ్బంది, యథాతథం" అని రాసుకున్నారు.

హమాలీలు పని మానేసి ముక్కున వేలేసుకుని చూస్తున్నారు. "అమ్మా, టిక్కీలు దించాలంటే మాకు చెప్పొచ్చుగా, మీరు జారడమెందుకు?" అన్నాడొకాయన జాలిపడి. ఏం చెప్తుంది? నవ్వి చెక్కలు విప్పుకుంది.

మర్నాడు జెర్మాట్‌కి దూరంగానే జీపు ఆపేశారు, పెట్రోలు బండి పోకూడదుగా. అక్కణ్ణుంచి బ్యాటరీ ఆటో. దాని ఛార్జింగు సగంలో అయిపోయింది. ఆ ఎండలో ఉన్ని కోటుతో, చెక్కలు భుజానేసుకుని నడిచింది ఆవిడ. జెర్మాట్ కోల్డ్ స్టోరేజీకీ చెర్వీనియా కోల్డ్ స్టోరేజీకీ మధ్య ప్రహరీగోడ ఒకటే. స్విట్జర్లాండు నుంచి ఇటలీకి తీగ మీద దాటాలి కాబట్టి, కృపామణిని మిర్చి బుట్టలో కూర్చోబెట్టి, కప్పీకి తాడు కట్టి గోడ దాటించారు. కిందికి చూడద్దని మస్తాన్‌వలి ఒకటే కేకలు. ఆవిడ గట్టిగా కళ్ళు మూసుకుని ఏసయ్యా ఏసయ్యా అనుకుంది.

ఇటలీలో కాలు మడతపడింది. నిజంగానే. బిళ్ళ మార్చుకుని మూడోసారి జారుతుంటే దూది చెక్కకి చుట్టుకుని ఆవిడ ఎగిరి అవతల పడింది. చీలమండ బూరెలా వాచింది. మస్తాన్‌వలి పరిగెత్తుకొచ్చాడు. ఉగ్రనరసింహంగారు కార్యక్రమ వివరాలు తిరగేశారు.

"ప్రమాద నివారణ రిహార్సల్ ఆస్ట్రియాలో కదండీ? ఇది ఇటలీ. లేవండి."

"నొప్పిగా ఉంది సార్."

"నొప్పి అక్కడ పడదాం. ఇక్కడ లేదు."

కుంటుకుంటూ లేచింది. మర్నాడు ఆస్ట్రియాలో, అంటే నాలుగో గోడౌన్లో, ఆ వాచిన కాలితోనే మళ్ళీ కావాలని కిందపడింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. పై నుంచి హెలికాప్టరు గాలి రావాలని ఆవిడ మొహం మీద టేబుల్ ఫ్యాను పెట్టారు. చెప్తే నమ్మరు గానీ, ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఇంకొక్క రెండు వారాలు, ఆ తర్వాత నిజం మంచు. ఈ కారం, ఈ వాపు, ఈ అవమానం అంతా ఆ మంచు ఒక్కసారి మొహం మీద పడితే పోతుందనుకుంది. అంత ఆశ పెట్టుకుంది.

హింటర్‌టుక్స్‌లో ఈ తతంగమంతా పూర్తికాగానే ఉగ్రనరసింహంగారు రిహార్సల్ ముగిసిందని ప్రకటించి కారెక్కారు. 'పైన పేర్కొన్న యాత్ర అన్ని విధాలా యథాతథంగా, విజయవంతంగా నిర్వహించబడినది' అని ధ్రువపత్రం రాశారు. ఎండీగారు సంతకం చేశారు. టిక్కెట్లు వచ్చాయి. మూడే వచ్చాయి.

కృపామణి మళ్ళీ లెక్కపెట్టి చూసింది. ఉగ్రనరసింహంగారి గదిలోకి వెళ్ళింది.

"సార్, నా టిక్కెట్టు?"

"కూర్చోండి. ఒకే అధ్యయన యాత్రకు ఒకే ఉద్యోగిని రెండుసార్లు పంపరాదని నిబంధన. మీరు వెళ్ళొచ్చారు."

"ఎక్కడికి సార్?"

"నాలుగు దేశాలకీ. యథాతథంగా వెళ్ళినట్టు ధ్రువపత్రం ఉంది. మేము ముగ్గురం వెళ్ళలేదు కాబట్టి మాకు అభ్యంతరం లేదు."

"మీ ముగ్గురి తరఫునా నేనే జారాను గదండీ! మీరూ వెళ్ళినట్టే గదా మరి?"

"అభ్యాసం ఒకరి తరఫున ఒకరు చేయవచ్చు. యాత్ర మాత్రం శరీరంతో పాటే పోతుంది. శరీరం మీది."

"సార్, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఆ మిర్చి గోడౌన్ ఆల్ప్స్ పర్వతాలా?" అంది.

ఉగ్రనరసింహంగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "కాదని రాసివ్వండి. ధ్రువపత్రం అబద్ధమవుతుంది. మా ప్రయాణం ఆగుతుంది. రిహార్సల్లో జారింది మీరు కాబట్టి, సరిగ్గా జారనందుకు మీ మీద విచారణ వేస్తాం. రిటైరయ్యే ముందు విచారణ పడితే పెన్షన్ ఎన్నాళ్ళు ఆగుతుందో మీకు నేను చెప్పాలా?"

ఆవిడ రికార్డు రూములోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది. ముప్పై ఏళ్ళకి పైగా ఉద్యోగం చేసింది, ఎప్పుడూ ఆఫీసులో కంటతడి పెట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటే, ఎన్నిసార్లు ఉతికినా అందులో ఇంకా కారం ఉంది. మళ్ళీ కళ్ళు మండాయి. అప్పుడు ఆవిడకి కోపం వచ్చింది. నెమ్మదస్తులకి కోపం ఆలస్యంగా వస్తుంది గానీ, వస్తే మాత్రం చాలాసేపుంటుంది.

మర్నాడు ఉగ్రనరసింహంగారే పిలిపించారు. "మీ యాత్ర ముగించి విధుల్లో చేరినట్టు రిపోర్టు ఇచ్చెయ్యండి. మీది ముగిస్తే గాని మా ముగ్గురి యాత్ర మొదలవదు."

"ఎవరు చేరినట్టు సార్?"

"మీరే."

"నేనింకా రాలేదండి."

"ఎక్కణ్ణుంచి?"

"ఆస్ట్రియా నుంచి. నన్ను నాలుగో కొండ మీద దింపి మీరు కారెక్కి వెళ్ళిపోయారు. తిరుగు విమానం ఎక్కించలేదుగా? యథాతథంగా వెళ్ళాను, నిజమే. రాలేదు. రానిదాన్ని వచ్చానని ఎలా రాసిస్తాను సార్? అబద్ధం అవదూ?"

ఉగ్రనరసింహంగారు చెడ్డవాడే కావచ్చు, నిబంధన దగ్గర మాత్రం నిక్కచ్చి మనిషి. కాగితాలు అటూ ఇటూ తిప్పారు. తిరుగు ప్రయాణం ఎక్కడా లేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఎగాదిగా చూశారు.

"అంటే మీరిప్పుడు..."

"హింటర్‌టుక్స్‌లో ఉన్నాను సార్" అంది కృపామణి, తడుముకోకుండా.

ఆ రోజు నుంచి ఆఫీసులో ఆవిడ లేదు. హాజరు పట్టీలో 'విదేశీ యాత్రలో' అని రాశారు. రోజూ పదింటికి వచ్చి తన కుర్చీలో కూర్చునేది. లేని మనిషికి పని చెప్పకూడదు కాబట్టి ఎవరూ పని చెప్పేవాళ్ళు కాదు. ఎదురుపడితే ఉగ్రనరసింహంగారు గోడవైపు తిరిగిపోయేవారు. 'తక్షణం తిరిగి రావలసినది' అని ఆస్ట్రియాలో బృందం దిగవలసిన హోటలుకి ఆవిడ పేర తాఖీదు పంపారు. ఆవిడకి టీ ఇవ్వొద్దని మస్తాన్‌వలికి ఆర్డరేశారు. "ఖాళీ టేబులు మీద టీ పెట్టకూడదని రూలుందా సార్?" అనడిగి, వాడు రోజూ ఆ టేబులు మీద గ్లాసు పెట్టి పోయేవాడు. ఎండీగారి ప్రయాణం మాత్రం కదల్లేదు. రిటైర్‌మెంటు దగ్గరపడుతోంది. విదేశంలో ఉన్న ఉద్యోగిని రిటైర్ చెయ్యొచ్చా లేదా అని సచివాలయానికి రాస్తే, అక్కడ్నుంచి సెక్రటరీగారు స్వయంగా తనిఖీకి వస్తున్నట్టు జవాబు వచ్చింది.

ఎండీగారికి చెమటలు పట్టాయి. ఏదో ఒక ఆర్భాటం చేసి గట్టెక్కాలని, కృపామణి వీడ్కోలు సభ ముందే పెట్టించారు. మనిషి లేదు కాబట్టి ఫోటో పెట్టాలి. కోల్డ్ స్టోరేజీలో రుజువు కోసం తీసిన ఫోటో ఉంది. ఉన్ని టోపీ, నల్ల కళ్ళద్దాలు, చేతిలో కర్రలు, వెనకాల తెల్లగా దూది. దాన్ని పెద్దది చేయించి కుర్చీలో పెట్టారు. శాలువా కప్పారు. బంతిపూల దండ వేశారు.

చివరి వరసలో మస్తాన్‌వలి పక్కన కూర్చున్న కృపామణి తన ఫోటోకి దండ వెయ్యడం కళ్ళారా చూసింది. "అల్లాహ్! ఇదేం పని మేడం!" అని వాడు చెంపలేసుకున్నాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

సెక్రటరీగారు లోపలికొస్తూనే దండ చూసి ఆగిపోయింది. "అయ్యో! ఎప్పుడు పోయారు?"

"పోలేదండీ, ఆస్ట్రియాలో ఉన్నారు" అన్నారు ఎండీగారు.

మొదలుపెట్టాక ఆగడం ఆయనకి చేతకాదు. "ఎముకలు కొరికే చలిలో, ప్రాణాలకు తెగించి, రాష్ట్ర హిమక్రీడల భవిష్యత్తు కోసం ఆ హిమశిఖరాలపై అహర్నిశలు శ్రమిస్తున్న వీరవనిత మా కృపామణిగారు!" అని గొంతు పూడుకుపోయేలా ప్రసంగించారు. హాలంతా చప్పట్లు. అలవాటు కొద్దీ కృపామణి కూడా కొట్టింది.

సెక్రటరీగారు కరిగిపోయింది. "ఇంత అంకితభావమా! ఆవిణ్ణి రమ్మని ఇబ్బంది పెట్టకండి. నెలాఖరుకి నేనూ వేరే సదస్సుకి ఆ దేశమే వెళ్తున్నాను. మీరూ రండి. రిటైరయ్యే రోజున ఆ మంచు మీదే సన్మానం చేద్దాం. ఆవిడ జారుతుంటే చూడాలని ఉంది."

సెక్రటరీగారి కారు గేటు దాటీ దాటకముందే ఎండీగారు చివరి వరసకి పరిగెత్తుకొచ్చారు. "కృపామణిగారూ, మీరు వెంటనే బయల్దేరాలి!"

"ఎక్కడికి సార్?"

"మీరున్నచోటికి!"

"రెండోసారి పంపకూడదు సార్, నిబంధన" అన్నారు ఉగ్రనరసింహంగారు. ఎండీగారు ఆయన వంక చూసిన చూపుకి ఆయనే మళ్ళీ, "పంపడం ఎందుకవుతుంది సార్? ఆవిడ ఎలాగూ అక్కడే ఉన్నారు. మంచులో చిక్కుకున్న ఉద్యోగికి సహాయం కింద, ప్రకృతి వైపరీత్యాల పద్దులో టిక్కెట్టు కొందాం" అన్నారు. మస్తాన్‌వలి జీపులో హైదరాబాదు విమానాశ్రయానికి దింపాడు. ఈసారి విమానం నిజంగా ఎగిరింది.

అందరికన్నా ముందు చేరింది కృపామణి. మర్నాడు పొద్దున్నే హింటర్‌టుక్స్ కొండ మీదికి తీగపెట్టెలో ఒక్కతే ఎక్కింది. పైన అడుగు పెట్టేసరికి మబ్బు కమ్మి ఉంది. చప్పుడు లేకుండా, గాలిలో తేలుకుంటూ, మంచు మొదలైంది. ఆవిడ చేతి తొడుగు తీసేసి అరచెయ్యి చాపింది. తెల్లటి పొడి పడింది, చూస్తుండగానే నీళ్ళయిపోయింది. మళ్ళీ పడింది, మళ్ళీ నీళ్ళు. దూది ఇలా కరగదు. "దేవా, ఇదా! ఇదన్నమాట!" అని పైకే అంది. చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోకుండా భోరున ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.

నెలాఖరు రోజున మిగతావాళ్ళు దిగారు. ఎండీగారు మూడు కోట్లు తొడుక్కుని టిక్కీలా తయారయ్యారు. పేర్రాజుగారు హోటల్ గదిలోంచి బయటికి రానన్నారు. సెక్రటరీగారు మంచులోనే శాలువా కప్పి, "ఏదీ, ఒక్కసారి జారి చూపించండి" అంది.

కృపామణి కాళ్ళకి నిజమైన చెక్కలు కట్టుకుంది. వాలు అంచున నిలబడి ఒక్క తోపు తోసుకుంది. హుందాతనం ఏమీ లేదు, రయ్యిమని పోయింది. పోయి పోయి, ఒక మలుపు దగ్గర కాళ్ళు పైకి, తల కిందికై, దూరంగా మంచులో వెల్లకిలా పడింది. కదల్లేదు.

ఎండీగారు ఆయాసపడుతూ, జారుతూ, పడుతూ లేస్తూ అక్కడికి చేరారు. వెనకాల ఉగ్రనరసింహంగారు. ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నవ్వుతోంది. కనురెప్పల మీద, పెదాల మీద మంచు పడుతోంది.

"పరువు పోతోంది కృపామణిగారూ, లేవండి! సెక్రటరీగారు చూస్తున్నారు. లేవండి, ఇది నా ఆర్డరు!" అన్నారు ఎండీగారు పళ్ళు కొరుకుతూ.

కృపామణి చేతికున్న గడియారం వంక చూసింది. గుంటూరులో ఆఫీసు మూసే వేళ దాటింది.

"రిటైరయ్యానండీ. లేవను" అంది.